విదేశీ చదువు: ఇల్లు అమ్మే ముందు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పోయిన వేసవిలో మా నల్లమాడలో ఆటో నడిపే ఒకాయన భార్యను, కూతురిని వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చాడు. “మేడమ్, పాప నీట్‌లో క్వాలిఫై అయింది గానీ ఇక్కడ సీటు రాలేదు. బయటి దేశంలో ఎంబీబీఎస్ చదివిస్తామని ఏజెంటు అంటున్నాడు. ఇల్లు అమ్మేదా?” అని అడిగాడు. అవునన్నా కాదన్నా ఆ పాప బతుకు మీద నా మాట పడుతుంది. అందుకని కాగితం, పెన్ను తీసుకొని కూర్చున్నాం.

ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా అన్నది మొదటి ప్రశ్న. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లిషులో బోధించాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక ఇక్కడి పరీక్షలో 300కు 150 మార్కులు రావాలి. ఆపైన మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. ఏజెంటు ఇచ్చిన రంగుల కాగితంలో వీటి ఊసే లేదు.

రెండోది డబ్బు. ఏజెంటు చెప్పింది మొదటి ఏడాది ఫీజు మాత్రమే. హాస్టలు, విమాన ఛార్జీలు, మిగతా ఏళ్లు కలిపితే ఇల్లు అమ్మినా మూడో ఏటికి చాలదు. మిగిలింది వడ్డీకి తేవాలి. వడ్డీ మనకు హరాం. మైనారిటీ పిల్లలు విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదివేందుకు తెచ్చుకున్న అప్పుపై వడ్డీ భరించిన కేంద్ర పథకం ‘పఢో పర్‌దేశ్’ కూడా 2022-23 నుంచి ఆగిపోయింది.

మూడో ప్రశ్న పాపనే అడిగాను, “నీ మనసులో ఏముందమ్మా?” అని. “డాక్టరు కావాలనే ఉంది మేడమ్. కానీ ఇల్లు పోతే తమ్ముడి చదువేం కావాలి?” అంది. ఇప్పుడు అనంతపురంలో బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. ఆ రాత్రి ఆమె కళ్లలో నీళ్లు చూశాను. ఆ బాధ నాకూ ఉంది.

విదేశీ చదువు వద్దని నేననడం లేదు. నా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఒకడు ఇక్కడే బీటెక్ చేసి, బెంగళూరులో రెండేళ్లు ఉద్యోగం చేసి, కూడబెట్టిన సొమ్ముతో జర్మనీ వెళ్లాడు. అక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రం ముందుగా చూపాలి. వాడికి ఆ చదువు కలిసొచ్చింది. పదిహేడేళ్లకు ఇల్లు అమ్మి పంపడం వేరు, ఒక డిగ్రీ చేతిలో పట్టుకొని తన కాళ్ల మీద వెళ్లడం వేరు.

దాతలకు నా మనవి రెండే మాటలు. ఏజెంటుకు అడ్వాన్సు కట్టక ముందే కాగితాలు చూసిపెట్టే చదువుకున్నవాళ్లను సంఘం తరఫున నలుగురిని నియమించండి. యోగ్యత, అవసరం రెండూ ఉన్న బిడ్డకు వడ్డీ లేని ఖర్జె హసనా ఇవ్వండి. తిరిగి వచ్చే ప్రతి వాయిదా మరో బిడ్డకు చేరాలి.

కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, 1947లో కర్నూలులోనే ఉస్మానియా కళాశాల స్థాపించారు. మనం పంపే బిడ్డ కూడా రేపు ఈ సభలో దాతగా కూర్చోవాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.