కారుకు మూడవవారి పూచీ

కంపెనీ ఇచ్చిన వారంటీ ముగియవచ్చిన కారు గలవారికి ఈ కాలమున టెలిఫోనులో ఒక బేరము వినవచ్చుచుండును: "మీ కారుకు మరి రెండేండ్ల వారంటీ ఇత్తుము, పుచ్చుకొనెదరా?" అని. ఇట్లు పిలుచువారు కారు తయారు చేసినవారు కారు, అమ్మిన డీలరు కాకపోవచ్చును, వేరొక సంస్థవారు. అందుచేతనే దీనికి థర్డ్ పార్టీ వారంటీ అని పేరు. చట్టప్రకారము ప్రతి కారుకు ఉండవలసిన థర్డ్ పార్టీ బీమాకును దీనికిని పేరులో తప్ప పోలిక లేదు. ఆ బీమా మన బండివలన ఇతరులకు కలిగిన నష్టమును భరించును. ఈ వారంటీ మన బండిలోని యంత్రభాగము తనంతట తాను చెడినచో బాగుచేయింతుమను మాట. మొదటిది తప్పనిసరి, రెండవది మన ఇష్టము.

పూచీ సంగతి వన్ టౌన్ వర్తకులకు మేము చెప్పవలసిన పని లేదు. కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టుప్రక్కల టోకు కొట్లవారికి హుండీ విలువ కాగితములో లేదనియు, గడువునాడు సొమ్ము చెల్లించు ఆసామిలో ఉన్నదనియు తెలియును. వారంటీ పత్రము కూడ అట్టిదే. నేడు సంతకము చేసిన సంస్థ గేర్‌బాక్సు చెడిననాడు ఉండునా? మన పిల్లలనేకులు స్థిరపడిన అమెరికాలో ఈ వ్యాపారము విరివిగా సాగుచున్నది. అచ్చట మిస్సోరీ రాష్ట్రములోని యు.ఎస్. ఫిడెలిస్ అను సంస్థ ఇట్టి ఒప్పందములను జోరుగా అమ్మి 2010లో దివాలా తీసినది. కార్‌షీల్డ్ అను మరొక సంస్థ, ప్రకటనలు మోసకరముగా ఉన్నవను అభియోగముపై, 2024లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి కోటి డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది.

కనుక మొదట అడుగవలసినది ధర కాదు. "మీ వెనుక బీమా కంపెనీ ఉన్నదా? ఉన్నచో పాలసీ నా పేరిట వ్రాయుదురా, మీ పేరిట వ్రాసికొందురా?" అని అడుగవలెను. పాలసీ మన పేరిట ఉన్నచో తగవు వచ్చినప్పుడు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. వారి పేరిట ఉన్నచో మనకును ఆ బీమా కంపెనీకిని నేరుగా సంబంధము ఉండకపోవచ్చును. ఈ ప్రశ్నకు నీళ్లు నమలువారి బేరము అంతటితో ముగించుట మంచిది.

రెండవది, పత్రములో ఏమి ఇత్తుమన్నారో దానికంటె ఏమి ఇయ్యమన్నారో ముందు చదువవలెను. బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, బ్యాటరీ వంటివి అరుగుదల క్రింద సాధారణముగా తీసివేయుదురు. సర్వీసు ఒకసారి తప్పినను, బిల్లు పోయినను పూచీ రద్దగునను షరతు ఉండవచ్చును. తమ అనుమతి లేక యంత్రము విప్పరాదను షరతు మనవారికి మరింత చిక్కు. మన అలవాటేమి? బండి మొరాయించినచో ఆటోనగర్‌కు తోలుకొనిపోవుదుము. ఎరిగిన మేస్త్రి సాయంత్రమునకు గేర్‌బాక్సు విప్పి బల్లమీద పరచును. ఆ తరువాత ఫోను చేసిన ఏమి లాభము?

వరద మాట వేరుగా చెప్పవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతమున ఇండ్లతోపాటు బండ్లును నీట నిలిచినవి. నీరు చేరి ఇంజను చెడుట యంత్రలోపము కాదు గనుక ఇట్టి వారంటీ సాధారణముగా దానికి వర్తింపదు. సమగ్ర బీమా వరద నష్టమును భరించును గాని, నీటిలో స్టార్టు చేయుటవలన ఇంజను పాడైనచో అదనపు ఇంజను రక్షణ లేనివారికి చిక్కులు వచ్చును. కాలువల నడుమ కాపురముండు మనకు, రెండింటిలో ఒకదానికే సొమ్మున్నచో, ఆ ఇంజను రక్షణయే ముందు అని మా అభిప్రాయము.

ఇక లెక్క. ఊహించిన అంకెలే అనుకొందము. పత్రము ధర 20,000 రూపాయలు, 18 శాతము జీఎస్టీతో 23,600. నెలకు వేయి చొప్పున రెండేండ్లు పోస్టాఫీసులో వేసినను ఇంచుమించు అంతే. గేర్‌బాక్సుకు 60,000 బిల్లైనదనుకొందము; అందు 40,000 సామానులకు, 20,000 కూలికి. కూలి ఇయ్యక, సామానులలో తరుగు క్రింద 30 శాతము కోసినచో చేతికి వచ్చునది 28,000. చెల్లించిన దానిపై మిగిలినది 4,400 మాత్రమే. ఆ భాగము చెడకున్నచో అదియు లేదు. అయితే ఖరీదైన ఆటోమేటిక్ గేర్లు గల పాతకారును కొని, ఒక్కసారి లక్ష రూపాయలు తీయలేని కుటుంబమునకు కూలి, సామాను రెండును భరించు పత్రము దొరికినచో పుచ్చుకొనుట తప్పు కాదు. కంపెనీవారే గడువు పొడిగింతురేమో ముందు విచారింపవలెను. మారుతి సుజుకి వారు 2024 జూలైలో మామూలు వారంటీనే మూడేండ్లకు లేక లక్ష కిలోమీటర్లకు పెంచిరి. గడువు మిగిలి ఉండగా వేరొక పూచీ కొనుట రెండుమార్లు చెల్లించుటయే.

ఇదివరకే కొని, క్లెయిము తిరస్కరింపబడినవారు సంస్థ ఏ దూరపు నగరమున ఉన్నదో యని వెనుకాడ నక్కరలేదు. 2019 వినియోగదారుల చట్టము ప్రకారము తాము నివసించు లేక పనిచేయు జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన మూల్యము 5 లక్షలు దాటనిచో రుసుము లేదు. సలహాకు 1915 నంబరు కలదు. ఫోను చేయునప్పుడు పత్రము, సర్వీసు బిల్లులు, తిరస్కరించుచు వ్రాసిన జాబు దగ్గర ఉంచుకొనవలెను.