బస్టాండులో మనవాళ్ళు ఒకరుండాలి



మేము హాస్టల్ వార్డెన్లం. బీఈడీ చదివి పాఠాలు చెబుదామని వచ్చినవాళ్ళం. వచ్చినాక పాఠాలతోపాటు బియ్యం కొలతలు, జ్వరం మాత్రలు, రాత్రి హాజరు కూడా మా చదువైపోయాయి. నంద్యాల హాస్టల్ మీకు మొదటి రెండో ఇల్లు. ట్రంకు పెట్టె పట్టుకొని వచ్చిన మొదటి వారం గేటు దగ్గర నిలబడి మీరు ఎంత ఏడ్చారో మాకు గుర్తుంది. ఆ ఏడుపు ఎట్లా ఆగిందో కూడా గుర్తుంది. మేము చెప్పిన నీతులకు ఆగలేదు. పై తరగతి అక్క ఒకరు పక్కలో పడుకోబెట్టుకుంటే ఆగింది. ఈరోజు మేము చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటే.

కొన్నేళ్ళ కిందట ఆళ్లగడ్డ వైపు తండా పిల్లకు హైదరాబాద్‌లో కోచింగ్ సీటు వచ్చింది. మేము శాలువా కప్పాం, ఫోటో దిగాం, చప్పట్లు కొట్టాం. మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటావమ్మా అని మాత్రం మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఆ పిల్ల నడిరాత్రి దాటినాక ఇమ్లీబన్‌లో దిగి, తెల్లారేదాకా పెట్టె మీదే కూర్చుంది. తర్వాత ఒక ప్రైవేటు హాస్టల్లో చేరితే అద్దె, అడ్వాన్స్ కలిపి చేతిలో డబ్బంతా మొదటిరోజే అయిపోయింది. గదిలో వాళ్ళు "మీ కులమేంది?" అని అడిగితే మాట మార్చింది. తన యాడితో గోర్ బోలిలో మాట్లాడాలంటే ఫోన్ తీసుకొని మిద్దెపైకి పోయేది. నాలుగో వారంలో తిరిగొచ్చింది. అందరూ "పిల్లకు ధైర్యం చాల్లేదు" అన్నారు. మేము కూడా అన్నాం. అది తప్పు. ఒంటరిగా బస్సెక్కిన పిల్లకు ధైర్యం లేదంటామా? చాలనిది మా ఏర్పాటు.

నిజానికి రెండో ఇల్లు మనకు కొత్త కాదు. 1940లో హైమండార్ఫ్ అనే పరిశోధకుడు నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య ఉండి, 1943లో పుస్తకం అచ్చేశాడు. ఎండాకాలం గూడెం వదిలి, నీళ్ళున్న చోట, ఇప్పచెట్లున్న చోట ఆకుల గుడిసెలు వేసుకొని ఉండి, వానలు పడితే తిరిగి వచ్చేవాళ్ళని రాశాడు. మన అవ్వలు ఇది పుస్తకం చూడకుండానే చెబుతారు. లంబాడీల పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగారు. దిగిన చోటల్లా తండానే. అంతెందుకు, మన అహోబిలం నరసింహస్వామిని చూడండి. చెంచులింటి అల్లుడు. పారువేటకు కనుమనాడు బయల్దేరితే నెల దాటి ఊళ్ళ మీదే ఉంటాడు. ప్రతి ఊరూ ఎదురెళ్ళి తీసుకుపోతుంది. పని అయినాక తన కొండకు తాను చేరుకుంటాడు.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. గుంపుగా పోయారు, లేదా ఎదురొచ్చేవాళ్ళున్న చోటికి పోయారు. ఎవరూ ఒక్కరే పోయి చీకట్లో పెట్టె మీద కూర్చోలేదు.

అందుకే ఇప్పుడు మేము ఇట్లా చేస్తున్నాం. ఇద్దరిద్దరుగా పంపుతున్నాం. మాలో ఒకరం తోడు వెళ్ళి, గది చూసి, తాళం, నీళ్ళు, బాత్రూం చూసి, అడ్వాన్స్‌కు రసీదు రాయించుకొని వస్తున్నాం. పొద్దున నంద్యాలలో బస్సెక్కితే వెలుతురుండగానే దిగొచ్చు, కాబట్టి రాత్రి బస్సు వద్దంటున్నాం. మీరు అశోక్‌నగర్‌లో ఉన్నా, అమీర్‌పేటలో ఉన్నా, మొదటి ఆదివారం చుట్టుపక్కల నడిచి మూడు చోట్లు చూసి పెట్టుకోండి: ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, గ్రంథాలయం. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. గదిలో చోటు చాలనివాళ్ళు ఎంతోమంది అక్కడ కూర్చొని చదువుకుంటున్నారు.

కాగితాల సంగతి శ్రద్ధగా వినండి. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ వేరే రాష్ట్రం. పదేళ్ళ ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తో తీరిపోయింది. చెంచులు, లంబాడీలు, ఎరుకలవారు అక్కడా ఎస్టీలే. అయినా ఇక్కడి నుంచి వెళ్ళిన మనకు ఆ రాష్ట్రం ఇచ్చే ఎస్టీ రిజర్వేషన్ వర్తించదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన కుర్రాడు అక్కడ మెడికల్ సీటు ఎస్టీ కోటాలో అడిగితే, 1990లో సుప్రీంకోర్టు కుదరదంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం మన సొంత రాష్ట్రపు పత్రమే పనికొస్తుంది. అందుకని కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రాలు ఇక్కడే, బయల్దేరక ముందే తీసుకోండి. అసలువి జాగ్రత్త. ఎవరికిచ్చినా నకళ్ళే ఇవ్వండి.

తిండి దగ్గర నామోషీ పడొద్దు. పొద్దున ఉగ్గాని, బజ్జీ దొరకదు. మొదటి పది రోజులు ఏది తిన్నా సయించదు. ఇంటి నుంచి జొన్నరొట్టెలు ఎండబెట్టి, చెనక్కాయల పొడి, వీలుంటే తేనె సీసా తీసుకుపోండి. గదిలో నలుగురికీ పెట్టండి. తేనె ఎక్కడిదని అడుగుతారు. అప్పుడు నల్లమలదని చెప్పండి, మీరెవరో కూడా చెప్పండి. కులం అడిగిన మనిషికి జవాబు చెప్పి తీరాలని మేము అనడం లేదు, అది మీ ఇష్టం. మీ అమ్మ భాష మాట్లాడడానికి మాత్రం మిద్దెపైకి పోవద్దు. మంచం మీద కూర్చొనే మాట్లాడండి.

బాగలేకపోతే దాచొద్దు. వారానికి ఒకరోజు మాకు ఫోన్ చేయండి. "బాగున్నాం మేడమ్" అని రెండు మాటల్లో పెట్టేస్తే మేము నమ్మం. ఏం తిన్నారో, ఎన్ని గంటలు పడుకున్నారో అడుగుతాం. తిరిగి వచ్చే తేదీ ముందే అనుకొని పోండి, దసరానో, సంక్రాంతో. తేదీ ఉంటే ఆ ఊరు చెర అనిపించదు. ఒకవేళ మధ్యలోనే వచ్చేయాల్సి వస్తే రండి. వచ్చిన బిడ్డను ఓడిపోయిందని అనకుండా మళ్ళీ పంపే దారి వెతకడం మా పని.

చివరగా, హైదరాబాద్‌లో ఇప్పటికే చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఒక మాట. మాకు శాలువాలు, సన్మానాలు వద్దు. జూన్‌లో మన ఊళ్ళ నుంచి ఫలానా బస్సులో ఇద్దరు పిల్లలు వస్తున్నారని కబురు పెడతాం. మీలో ఒకరు ఇమ్లీబన్‌కు రండి. పెట్టె ఒక చెయ్యి పట్టుకోండి. ఆ పూట అన్నం పెట్టండి. ఆనాడు ఆ పిల్లకు కావలసింది అదే. ఈ సభ అయినాక బయట బల్ల దగ్గర ఒక నోటుపుస్తకం పెడతాం. రాగలిగినవాళ్ళు పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్ళండి.