మొరం గుంత ఎవరు పూడుస్తారు?



జైనూర్, సిర్పూర్(యు), లింగాపూర్, కెరమెరిలోని మన గూడేలకు రోడ్లు కావాలి, ఇండ్లు కావాలి. వాగు పొంగినప్పుడు గర్భిణిని మంచం మీద మోసుకుపోయిన ఊళ్లు మనవి. పర్యావరణం పేరు చెప్పి పని ఆపమనడం నా ఉద్దేశం కాదు. ఆ పని ఎట్లా చేయించుకోవాలన్నదే ఈ నాలుగు మాటలు.

కేంద్రం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే భవనాలకే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. మన ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగుల నుంచి మొదలవుతుంది. ఇల్లు, బడి, అంగన్‌వాడీ ఏదీ ఆ లెక్కలోకి రాదు. అందుకే మన పనులను మనమే కనిపెట్టుకొని ఉండాలి.

ముందు మొరం సంగతి. గూడేనికి రోడ్డు పడిందంటే పక్క గట్టునో, చేను అంచునో జేసీబీ తవ్వుతుంది. బిల్లు పాసవుతుంది, గుంత మాత్రం మిగులుతుంది. తొలకరికి నీళ్లు నిండితే ఇక దోమలదే రాజ్యం. గుడ్డు దోమై ఎగరడానికి మన వేడికి పది రోజులు చాలు. ఏజెన్సీలో మలేరియా ఎంత పాత చుట్టమో మీకు నేను చెప్పాలా? తవ్వే ముందే పైనున్న జానెడు మట్టిని పక్కకు కుప్ప పోయించండి. సారమంతా అందులోనే ఉంటుంది. పనయ్యాక గుంత పూడ్పించి, అంచులు ఏటవాలు చేయించి, ఆ మట్టినే పైన పరిపించండి. గడ్డి దానంతటదే మొలుస్తుంది. గుంతను పశువుల కుంటగా ఉంచుకుందామంటే అది ఊరు అనుకోవాలి, కాంట్రాక్టర్ కాదు. ఇప్పటికే నీళ్లు నిలిచిన పాత గుంతల్లో గంబూసియా చేపలు వదలమని పీహెచ్‌సీ వాళ్లను అడగండి.

ఇక ఇసుక. ఎండాకాలం వాగు ఎండినా, ఇసుకలో మోచేతి లోతు తోడితే చెలిమెలో నీళ్లు ఊరుతాయి. ఆ నీటిని పట్టి ఉంచేది ఇసుకే. రాయి తేలేదాకా ట్రాక్టర్లకు ఎత్తిస్తే చెలిమె పోతుంది, ఒడ్డు బావి కూడా అడుగంటుతుంది. ఇంటికి ఇసుక వద్దనను. చెలిమెలు, వంతెన, చెక్‌డ్యామ్ ఉన్న చోట్లు వదిలేసి, మిగతా చోట పైపైన తీయండి. సిమెంటు మిల్లర్‌ను మాత్రం వాగులో కడగనివ్వకండి. ఆ నీళ్లు సున్నం నీళ్లలాగే ఘాటు, చేపలు బతకవు.

ఒర్రె మీద వేసే తూము గురించి ఒక్క మాట. అంచనా వేసేది ఇంజినీరే. కానీ వరద ఎంత ఎత్తు వచ్చిందో చెప్పగలిగింది గూడెం పటేల్. సన్న పైపు వేస్తే చెత్త ఇరుక్కుని, నీళ్లు నల్లరేగడి చేలల్లోకి తిరుగుతాయి.

మనది షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 నాటి పీసా చట్టం ప్రకారం ఇసుక, మొరం వంటి ఖనిజాల లీజుకు గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ ముందుగా సిఫారసు చేయాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవి భూమిలో రోడ్డు, బడి, తాగునీరు వంటి 13 రకాల పనులకు వీలిచ్చింది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమే వాడాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. దానికీ గ్రామసభ సిఫారసు ఉండాల్సిందే. తీర్మానం ముందే టైపు చేసుకొచ్చి సంతకాలు అడిగితే పెట్టకండి.

ఈసారి గ్రామసభలో పని అంచనా చదివించుకోండి. మొరం ఎక్కడి నుంచి తెస్తారు, గుంత ఎవరు, ఏ తేదీలోగా పూడుస్తారు? ఆ రెండు ముక్కలూ తీర్మానాల పుస్తకంలో రాయించాకే చేతులెత్తండి.