గండమ్ — ఒక బొమ్మల కథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగశ్రవణం ముగిసిన తరువాత లేచి మాట్లాడేవాడు కవిత్వాన్ని గురించో, సంఘం పనులను గురించో మాట్లాడటం మనకు ఆచారం. నేను ఈ ఏడు ఒక బొమ్మల కథను గురించి మనవి చేయదలచాను. పెద్దలు మన్నించాలి.

దీనికి కారకుడు మా మనవడు. వాడికి పదిహేనేళ్ళు. పోయిన వేసవి సెలవులలో రాత్రిపూట ఫోను ముందు పెట్టుకొని ఏదో చూస్తూంటే, "ఏమిట్రా అది?" అన్నాను. "గండమ్, తాతయ్యా" అన్నాడు. "ఎవరికిరా గండం?" అని కంగారుపడ్డాను. వాడు పకపక నవ్వి నన్ను పక్కన కూర్చోబెట్టుకొన్నాడు. అది జపానువారు తీసిన కథ. పూర్తి పేరు 'మొబైల్ సూట్ గండమ్'. మొత్తం 43 భాగాలు తాతామనవలం కలిసి చూశాము. చూడటం ముగిసేసరికి, నేను మొదట వేసిన ప్రశ్న అంత తెలివితక్కువది కాదనిపించింది.

ఈ కథ 1979 ఏప్రిల్ 7వ తేదీన జపాను టెలివిజనులో మొదలై, 1980 జనవరి 26న ముగిసింది. దర్శకులు యొషియుకి టొమినోగారు 1941లో జన్మించారు. అంటే, జపాను యుద్ధంలో ఓడిపోయేనాటికి నాలుగేళ్ళయినా నిండని పసివాడన్నమాట.

అంతకు పూర్వం కూడా అక్కడ యంత్రయోధుల కథలు వచ్చాయి. 1972లో వచ్చిన 'మజింగర్ జెడ్'లో తాతగారు కట్టిపెట్టిన ఇనుప యోధుణ్ణి మనవడు ఎక్కి నడుపుతాడు. యంత్రరాక్షసి వచ్చినప్పుడల్లా వాడు దాన్ని కూలుస్తాడు. పిల్లలకు ఆనందం, బొమ్మల వర్తకులకు లాభం. గండమ్ కూడా బొమ్మల కంపెనీ సొమ్ముతో తీసినదే. కాని తీసినవారు మరొక దారి పట్టారు. నేను మనవణ్ణి, "ఇందులో రాక్షసులెవరురా?" అని అడిగితే, "రాక్షసులు లేరు తాతయ్యా. అటువైపూ మనుషులే" అన్నాడు.

కథ రాబోయే కాలంలో జరుగుతుంది. భూమిమీద జనం పెరిగిపోయి, అంతరిక్షంలో పెద్ద గొట్టాలవంటి ఊళ్ళు కట్టి, కోట్లమందిని అక్కడికి పంపారు. అక్కడ పుట్టి అక్కడే పెరిగిన తరం వచ్చింది. పెత్తనం మాత్రం భూమిమీది ప్రభుత్వానిదే. ఆ ఊళ్ళలో జియాన్ అనే రాజ్యం స్వాతంత్ర్యమంటూ యుద్ధం మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం మాట పేరుకే; ఏలేది ఒక నిరంకుశ కుటుంబం. నెల దాటీదాటకముందే మానవజాతిలో సగం నశించిందని కథారంభంలోనే చెపుతారు.

అమురో అనే 15 ఏళ్ళ కుర్రవాడు ఇంట్లో యంత్రాలు విప్పి బిగించుకొనే ముభావి. ఊరిమీద దాడి జరిగిననాడు, తండ్రి తయారుచేసిన గండమ్ అనే 18 మీటర్ల యంత్రంలోకి ఎక్కి, పుస్తకం చూసుకొంటూ నడుపుతాడు. అది మొదలు వాడికి విడుదల లేదు. కాందిశీకులతో నిండిన ఓడకు నాయకుడు 19 ఏళ్ళవాడు. పెద్దలు తెచ్చిపెట్టిన యుద్ధం, మోసేది పిల్లలు. ఒకనాడు అమురో ఇక పోరాడలేనని మొండికేస్తే, ఆ నాయకుడు చెంపమీద కొడతాడు. కొట్టినవాడూ కుర్రవాడే గదా అని నాకు ఇద్దరిమీదా జాలి కలిగింది.

13వ భాగాన్ని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అమురో చిన్నతనంలోనే తండ్రివెంట అంతరిక్షానికి వెళ్ళిపోయాడు. తల్లి భూమిమీదనే ఉండిపోయింది. ఇన్నేళ్ళకు ఇంటికి వస్తే, ఇంటినిండా తమ పక్షపు సైనికులే తాగి పడివున్నారు. తల్లి కాందిశీకుల శిబిరంలో సేవచేస్తూ కనిపిస్తుంది. ఇంతలో శత్రుసైనికులు వెతుకుతూ వస్తారు. దుప్పటికింద దాగిన అమురో ఒకణ్ణి కాలుస్తాడు. తల్లి కౌగిలించుకోలేదు, నిర్ఘాంతపోయింది. ఆ సైనికుడికీ ఇల్లూ వాకిలీ ఉంటాయి గదా అని ఆమె బాధ. కాల్చకపోతే నేనే చచ్చేవాణ్ణని కొడుకు బాధ. ఇద్దరి మాటా నిజమే. చివరకు వాడు తల్లికి సైనికవందనం చేసి ఓడ ఎక్కుతాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకొంటాను. నేను ఏడేళ్ళప్పుడు మా నాయనవెంట కరీంనగరం జిల్లానుంచి ఈ షోలాపురం వచ్చాను. నాయన చద్దర్ల కార్ఖానాలో చేరాడు. అమ్మ ముసలి అత్తను చూసుకొంటూ ఊళ్ళో ఉండిపోయింది. ఎనిమిదేళ్ళకు వెళితే, అన్నం పెట్టి, నా మరాఠీ కలిసిన మాట వింటూ, "నా కొడుకు మాటేనా ఇది?" అన్నది. నేను ఎవరినీ చంపి వెళ్ళలేదు, పని నేర్చుకొని వెళ్ళాను. అయినా ఆ మాట నాకింకా గుర్తున్నది. అందుకే ఆ భాగం చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకొన్నాను. మనవడు చూడనట్లు నటించాడు.

దాని తరువాతి భాగం మరొక వింత. శత్రుపక్షపు కుర్రసైనికులు రహస్యంగా గండమ్‌కు బాంబులు అంటించి, దూరాన్నుంచి చూస్తూ కూర్చుంటారు. అమురో ఒక్కొక్కటే ఊడదీస్తాడు. పని పూర్తికాగానే వారు ఊరివారివలె వేషం వేసుకొని వచ్చి, వాణ్ణి మెచ్చుకొని పోతారు!

ఇంత కథకూ మొదట ఆదరణ దొరకలేదు. 52 భాగాలు తీయదలచినది 43తో ఆపివేశారు. తరువాత మళ్ళీ ప్రసారం చేసినప్పుడు జనం పట్టుకొన్నారు. 1980లో ప్లాస్టిక్ నమూనాలు వచ్చాయి. 1981, 1982లలో మూడు చలనచిత్రాలుగా విడుదలయింది. 2020 డిసెంబరునుంచి 2024 మార్చివరకు యొకొహామా రేవులో నిలువెత్తు గండమ్, కాలూ చేయీ కదిలిస్తూ నిలబడింది.

ఇందులో చిక్కు లేకపోలేదు. యుద్ధం వద్దనే కథ యుద్ధయంత్రాల బొమ్మలు అమ్ముకొని బ్రతికింది. మా మనవడి బల్లమీదా ఒకటి ఉన్నది. "ఇది చూస్తే నీకేం గుర్తొస్తుందిరా?" అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి, "అమురో వాళ్ళమ్మ" అన్నాడు. ఇక నేనేమీ అనలేదు.

చివరిభాగంలో గండమ్ తునాతునకలవుతుంది. అమురో చిన్న విమానంలో తప్పించుకొని తోటివారున్న పడవను చేరుకొంటాడు. తిరిగి చేరుకొనేందుకు తనకొక చోటున్నదని వాడు తెలుసుకోవటంతో కథ ముగుస్తుంది. ఆ చోటు పుట్టిన ఊరు కాదు, తండ్రి కట్టిన యంత్రమూ కాదు. తనకోసం ఎదురుచూచే మనుషులు. ఊరు విడిచి వచ్చి, ఇక్కడ ఒకరికొకరమై నిలబడినవారం. ఈ మాట మనకు వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ పూట ఇంటికి వెళ్ళిన తరువాత, పిల్లవాడు ఫోను చూస్తూంటే కసరకండి. పక్కన కూర్చొని, ఏం చూస్తున్నావని అడగండి. నాకు ఒక్క ప్రశ్నతో 43 రాత్రులు మనవడి పక్కన చోటు దొరికింది.