పదుగురు కూడి ఆట చూచుట
(సంఘ క్రీడోత్సవ సాయంకాలమున చేసిన ప్రసంగ పాఠము)



మన క్రీడోత్సవమున కంప్యూటరుతో ఆటలు చూపు పని రెండేండ్లుగా నా పాలబడినది. నేను ఇంజనీరును గాను, బి.ఏ. చదివి దస్త్రములతో కాలము గడుపువాడను. అయినను ఈ పనిలో పొరబడి నేర్చుకొన్న మాటలు కొన్ని మీతో చెప్పుకొనవలెనని నిలిచితిని.

మొదటి యేట మన పి.వి. సింధు గెలుపులను మాత్రమే ఏరి, ముక్కలుగా చూపితిని. 2019 ఆగస్టు 25వ తేదీన బాసెల్ నగరమున ఆమె ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేతయైన ఆట వానిలో ముఖ్యము. చప్పట్లు మ్రోగినవి. నడుమ నా పాలవాని బాకీ సందేశము తెరపై మెరయగా నవ్వులును మ్రోగినవి. ఆ వారమే బడిపోటీలో ఓడివచ్చిన ఒక బాలిక నన్ను సమీపించి, “బాబాయిగారూ, సింధు అక్క ఎప్పుడూ ఓడిపోలేదా?” అని అడిగెను. ఓడినదని చెప్పితిని, కాని చూపుటకు నాయొద్ద లేకపోయెను. తీసివేసినవాడను నేనే.

మరుసటి యేట 2017 ఆగస్టు 27వ తేదీన గ్లాస్గోలో ఆ యిద్దరికే జరిగిన ప్రపంచ పోటీల తుది ఆటను, 110 నిమిషములును, కత్తిరింపక చూపితిమి. రెండవ గేము చివర 73 దెబ్బల ర్యాలీ వచ్చినది. అది ముగియగానే నిలిపి, వెనుకకు త్రిప్పి, సగము వేగముతో మరల నడిపితిని. పిల్లలందరును గొంతు కలిపి ఒకటి మొదలు డెబ్బదిమూడు వరకు లెక్కించిరి. ఆ గేము సింధుదే. ఆట మాత్రము 19-21, 22-20, 20-22తో ఆమె చేజారెను. అంత పెనుగులాడియు ఓడవచ్చునని ఆనాడు పిల్లలు కన్నులార చూచిరి. బాసెల్ గెలుపు విలువ అప్పుడుగాని వారికి తెలియలేదు.

ఇక పనిముట్ల మాట. ఆటను హక్కుదారుల అనుమతితో ముందుగానే కంప్యూటరులో దాచుకొనవలెను. ఇంటర్నెట్టును నమ్మిన, కీలకమైన ఘట్టముననే బొమ్మ ఆగును. సందేశములను, కంప్యూటరు తనంతట నిద్రించు ఏర్పాటును ముందే ఆపవలెను. స్పీకరును తీగతోనే కలుపుట మేలు. బ్లూటూత్ అయిన, బ్యాటు తగిలిన పిమ్మటగాని చప్పుడు వినబడకపోవచ్చును. వి.ఎల్.సి. అను ఉచిత సాధనమున స్పేస్ మీట ఆటను నిలుపును. ‘ఇ’ అక్షరపు మీట ఒక్కొక్క చిత్రముగా ముందుకు నడుపును.

అయితే నిదానించినంత మాత్రమున అన్నియు కనబడవు. గంటకు 300 కిలోమీటర్ల వేగముతో బయలుదేరిన షటిల్‌కాక్, సెకనుకు 25 చిత్రములు గల వీడియోలో, ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు మూడు మీటర్లకు పైగా జరిగిపోవును. కోర్టు పొడవే 13.4 మీటర్లు! 50 చిత్రములు గల ప్రతి దొరికిన ఆ యెడము సగమగును. అందుచేత స్మాష్ వచ్చినపుడు షటిల్‌కాక్ కొరకు వెదకక, ఎదుటి క్రీడాకారిణి పాదములను చూడుడు. దెబ్బకు ముందే ఆమె ఎటు మొగ్గినదో అచ్చట తెలియును. ఇంటిలో ఒంటరిగా చూచునపుడు ఇట్లు ఆపి, తర్కించి, మరల చూచు ఓపిక మనకుండదు. పదుగురు కూడినపుడు ఒకరు చూడనిది మరియొకరు చూతురు.

నేడు మీరు చూడబోవునది 2016 ఆగస్టు 19వ తేదీనాటి రియో ఒలింపిక్ తుది ఆట. మొదటి గేము సింధు 21-19తో గెలిచినది. తక్కిన రెండును 12-21, 15-21తో కరోలినా మరీన్‌కు వదలుకొని, రజత పతకము తెచ్చినది. భారత మహిళకు ఒలింపిక్ రజతము అదియే మొదటిది.

ఒక్క మనవి. చివరి పాయింటు ముగియగానే లేవకుడు. నేలపై కూలి కన్నీరు పెట్టుకొన్న మరీన్ చెంతకు సింధు నడచిపోయి కౌగిలించుకొనును. గెలుపులను మాత్రమే ఏరిన నాటి నా కత్తెరకు అదియు బలియై యుండెడిది.

దీపములు ఆర్పింపుడు. నేడు మీటలయొద్ద కూర్చుండునది నన్ను ప్రశ్నించిన ఆ బాలికయే. ఎచ్చట ఆపవలెనో ఆమెకు నాకంటె బాగుగ తెలియును.