వంతులవారీ స్నేహం

1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ మరో ముగ్గురితో సమావేశమయ్యారు. తర్వాత వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు. వాళ్ల క్లబ్బుకు రోటరీ అన్న పేరు అలా వచ్చింది.

మన జంషెడ్‌పూర్‌లోనూ సేవా క్లబ్బులున్నాయి. మీటింగంటే టీ, సమోసా, కబుర్లే అనుకుంటాం. కొంత నిజమే లెండి! కానీ రక్తదాన శిబిరం తేదీ ఖాయమయ్యేదీ అక్కడే. దానం చేసిన రక్తంలోని ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులకు మించి నిలవవు. అందుకే ఏడాదికో పెద్ద శిబిరం కన్నా నెలనెలా చిన్నవే మేలు. ఒక్కో చిన్న శిబిరానికి, ఛఠ్ పండక్కి సిద్ధగోరా సూర్యమందిరానికొచ్చే జనంలో పిడికెడు మంది చాలు. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చు.

మీ పేటలో శిబిరం పెడితే, టిఫిన్ చేసి మరీ రండి.