కొన్న సినిమాకు పట్టాదారు ఎవరు?

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 24. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడిన రోజు. ఏటా ఈ సభలో తూకాల మోసం గురించి, గ్యాసు సిలిండరు గురించి, మందుల మీద గడువు తేదీల గురించి చెప్పుకుంటున్నాం. ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు సినిమా గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శిగారు నవ్వి, "ఈ వయసులో సినిమా ఏమిటండీ గురువుగారూ" అన్నారు. సినిమా కబుర్లు కావండీ, నా 490 రూపాయల కబుర్లు అని చెప్పి ఒప్పించాను.

విషయం ఇది. రెండేళ్ళ క్రితం మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. నెలన్నర మంచం దిగకూడదన్నారు. ఆమెకు చిన్నప్పటి నుంచి ప్రాణమైన పాత సినిమా ఒకటుంది. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్నగారితో టూరింగు టాకీసులో చూసిందట. అది చూడాలని ఉందంది. సెలవులకు వచ్చిన మా మనవడు టాబ్లెట్‌లో వెతికి పట్టాడు. అక్కడ రెండు గడులున్నాయి. ఒకటి అద్దె, ఒకటి కొనుగోలు. అద్దెకైతే చూడటం మొదలుపెట్టిన 48 గంటల్లో ముగించాలి. కొంటే 490 రూపాయలు. "కొనెయ్యి తాతయ్యా, ఎప్పటికీ మనదే" అన్నాడు వాడు. నేను కార్డు నంబరు చెప్పాను. డౌన్‌లోడ్ కూడా చేసి పెట్టాడు. ఆమె ఆ నెలన్నరలో దాన్ని ఎన్నిసార్లు చూసిందో నేను లెక్కపెట్టలేదు.

పదకొండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఆమె టాబ్లెట్ నా చేతికిచ్చి, "ఏమండీ, ఇది రావడం లేదు" అంది. నెట్టు లేదేమో అనుకున్నాను. నెట్టు ఉంది. సినిమా పేరు లేదు. మెయిలు తెరిచి చూస్తే మూడు వారాల కిందటి ఉత్తరం ఒకటి ఇంగ్లీషులో పడి ఉంది. హక్కుదారులతో తమ ఒప్పందం ముగిసినందున ఈ చిత్రం ఇకపై లభించదు, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అని సారాంశం. డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా, టాబ్లెట్‌లోనే ఉంది కదా అని మనవడికి ఫోను చేశాను. "ఫైలు ఉంటుంది తాతయ్యా, తెరుచుకోదు" అన్నాడు.

అప్పటికి గాని నాకు ఈ తాళం సంగతి బోధపడలేదు. మీలో సబ్ ట్రెజరీలో పనిచేసినవారికి డబుల్ లాక్ తెలుసు. ఒక తాళంచెవి ఆఫీసరు దగ్గర, ఒకటి షరాబు దగ్గర. ఒక్కరే వెళ్ళి తీయలేరు. ఇదీ అటువంటిదే. డౌన్‌లోడ్ అంటే మనింటికి వచ్చింది ఇనప్పెట్టె. సినిమా అందులో అంకెల గజిబిజిగా మూసి ఉంటుంది. దాన్ని విప్పే చెవి కంపెనీవారి కంప్యూటరు నుంచి వస్తుంది. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకున్నట్టు, ఆ సినిమా కూడా ఎప్పటికప్పుడు అక్కడికి వెళ్ళి తన అనుమతి బతికే ఉందని రుజువు చేసుకోవాలి. ఒక రోజు వాళ్ళు లేదన్నారు. అంతే.

నేను ముప్పై ఆరేళ్ళు తాలూకాఫీసుల్లో, మండలాఫీసుల్లో కాగితాలతో కాపురం చేసినవాణ్ణి. కాగితం చూడందే నిద్రపట్టదు. ఆ కంపెనీ షరతులన్నీ మూలమీద జిరాక్సు షాపులో ప్రింటు తీయించాను. 31 పేజీలు. భూతద్దం పెట్టుకుని చదివాను. కొనుగోలు అనగా పరిమితమైన, రద్దు చేయదగిన, ఇతరులకు బదిలీ చేయ వీలులేని అనుమతి మాత్రమే అని అందులో ఉంది. మిత్రులారా, మన అడంగల్‌లో పట్టాదారు పేరుకు ఒక కాలమ్, అనుభవదారు పేరుకు వేరే కాలమ్ ఉండేవి కదా. ఆ రెండూ ఒకటి కావని ఎంతమంది రైతులకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాం! నన్ను అనుభవదారు కాలమ్‌లో వేసి, రసీదు మీద మాత్రం పట్టా అని రాశారన్నమాట. అది కౌలు అని పెద్ద అక్షరాల్లో ముందే రాసి ఉంటే నాకు పేచీ లేదు. తెలిసి ఇచ్చుకునేవాణ్ణి, లేదా మానుకునేవాణ్ణి.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. 2023 డిసెంబరులో సోనీ ప్లేస్టేషన్‌లో డిస్కవరీ వారి కార్యక్రమాలు డబ్బిచ్చి కొనుక్కున్నవారికి, ఆ నెల 31 నుంచి అవి మీ ఖాతాలో ఉండవని నోటీసు వచ్చింది. గగ్గోలు పుట్టింది. తరువాత ఒప్పందం సవరించుకుని, తీసివేత విరమించుకున్నారు. గగ్గోలు పుట్టింది కనుక సరిపోయింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం దీనికొక చట్టమే చేసింది. 2024 సెప్టెంబరులో సంతకమై 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అమ్మినవాడు తిరిగి లాక్కోగల డిజిటల్ సరుకును, ఇది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొను' అనే మాటతో అమ్మకూడదు. లాక్కోవడాన్ని ఆ చట్టం ఆపదు. మాటను సరిచేస్తుంది. గుమాస్తాగా నాకది చిన్న విషయంగా తోచదు.

మన కాలంలో ఈ బాధలు లేవు. రాత్రికి వీసీపీ, మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని వీధి వీధంతా చూసి, పొద్దున్నే రిక్షాలో పంపేసేవాళ్ళం. టీవీలో వచ్చేది రికార్డు చేసుకునే యంత్రం మీద కూడా అమెరికాలో సినిమా కంపెనీలు సోనీ మీద దావా వేశాయి. 1984లో అక్కడి సుప్రీంకోర్టు, ఇంట్లో తరువాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని ఐదుగురికి నలుగురు మెజారిటీతో తేల్చింది. కోర్టులో ఓడినవారు తరువాత డిస్కులోనే తాళం పెట్టడం నేర్చుకున్నారు. డీవీడీకి తాళంతోపాటు ప్రాంతం నంబరు కూడా వేశారు. అమెరికాది 1, మనది 5. మా పెద్దవాడు న్యూజెర్సీ నుంచి పిల్లల కోసం బొమ్మల సినిమా డిస్కులు డాలర్లు పోసి తెచ్చాడు. మనింటి ప్లేయరు వాటిని ముట్టుకోలేదు. డిస్కు మంచిదే, ప్లేయరూ మంచిదే. జిల్లా మారిన రేషను కార్డు మాదిరి అయింది.

సరే, నా కథకు వస్తాను. కంపెనీకి మెయిలు రాశాను. రెండు రోజులకు మర మనిషి జవాబు వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అప్పుడు కదలిక వచ్చింది. మీ 490 రూపాయలు మా దుకాణంలోని మీ ఖాతాకు జమ చేస్తాం, వేరే సినిమా కొనుక్కోండి అన్నారు. అక్కరలేదు, నా బ్యాంకు ఖాతాకు పంపండి, ఏ నిబంధన కింద తొలగించారో రాతపూర్వకంగా చెప్పండి అని తిరిగి రాశాను. 37వ రోజున డబ్బు పడింది. రెండో ప్రశ్నకు జవాబు నేటికీ లేదు. నేను గెలిచినట్టు మా ఆవిడకు పాసు పుస్తకం చూపించాను. ఆమె చూసి, "డబ్బు సరే, సినిమా ఏదీ?" అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. ట్రంకు పెట్టె దింపి వెతికాను. మోసర్ బేర్ కంపెనీవారు వీసీడీని 28 రూపాయలకు అమ్మిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. బస్టాండు దగ్గర కొన్న అదే సినిమా వీసీడీ, రెండు డిస్కులది, అట్టపెట్టె చివికి దొరికింది. కంపెనీ 2018లో లిక్విడేషనులోకి పోయింది గాని డిస్కు నా ట్రంకులోనే ఉంది. ప్లేయరు మాత్రం ఎప్పుడో పాత సామాన్లవాడి పాలయింది. మా వీధి ఫోటో స్టూడియో అబ్బాయి దగ్గర పాత కంప్యూటరుంటే, దాంట్లో వేసి పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. వీసీడీకి తాళం లేదు కనుక ఎక్కింది.

మా వియ్యంకుడుగారు ఇది విని, "బావగారూ, ఇది దొంగ కాపీ కాదా?" అన్నారు. మంచి ప్రశ్న. నేను మళ్ళీ చట్టం తీశాను. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షను, వ్యక్తిగతమైన సొంత వాడకానికి న్యాయమైన మేరకు ఉపయోగించుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. 2012 సవరణలో 65ఎ అని కొత్త సెక్షను చేర్చారు. తాళం పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. అయితే అందులో ఒక మాట ఉంది: హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే. అమెరికావారి 1998 చట్టం తాళం తీయడాన్నే నిషేధించి, మూడేళ్ళకోసారి కొన్ని మినహాయింపులు ఇస్తుంది. మనవాళ్ళు ఉద్దేశాన్ని చూశారు. కాబట్టి నా 28 రూపాయల డిస్కును నా భార్య చూడటానికి మార్చుకుంటే నేను దొంగను కానని నా నమ్మకం. అదే పెన్‌డ్రైవును పదిమందికి పంచినా, మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టినా దొంగనే. అందులో నాకు సందేహం లేదు. సినిమా తీసినవాడు అప్పు చేసి తీస్తాడు.

ఆ 65ఎలో ఇంకో ముచ్చట ఉంది, చెప్పకుండా ఉండలేను. న్యాయమైన పని కోసం ఒకరికి తాళం తీయడంలో సాయపడిన వ్యక్తి, వారి పేరు, చిరునామా, ఎందుకోసం తీయించుకున్నారు, ఈ వివరాలన్నీ పూర్తిగా రాసి ఉంచాలట. అంటే రిజిస్టరు పెట్టాలన్నమాట! ఆ వాక్యం రాసినవారు ఎవరో మన శాఖవారే అయి ఉంటారు. స్టూడియో అబ్బాయికి ఈ మాట చెబితే, "తాతగారూ, రిజిస్టరు మీరే రాసి పెట్టండి" అన్నాడు.

చట్టంలో చోటున్నంత మాత్రాన చేతికి అందుతుందా అంటే, ఫ్రాన్సులో ఒకాయన అనుభవం చెబుతాను. ఆయన 'మల్‌హోలండ్ డ్రైవ్' అనే సినిమా డీవీడీ దుకాణంలో డబ్బిచ్చి కొన్నాడు. తల్లి దగ్గర చూసేందుకు క్యాసెట్టులోకి ఎక్కించబోతే డిస్కులోని తాళం అడ్డుపడింది. వినియోగదారుల సంఘం తోడుగా కోర్టుకెక్కాడు. ఆ దేశంలో ఖాళీ క్యాసెట్ల మీద జనం ప్రత్యేక రుసుము కడతారు. సొంతానికి కాపీ చేసుకుంటే సినిమావారికి కలిగే నష్టం పూడ్చడానికే ఆ రుసుము. 2004లో కింది కోర్టు కొట్టేసింది. 2005లో పారిస్ అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 2006 ఫిబ్రవరి 28న అత్యున్నత న్యాయస్థానం దాన్ని రద్దు చేసింది. సినిమాకు పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి డీవీడీ అమ్మకాలు ముఖ్యం, కాపీలకు వీలిస్తే ఆ రాబడి దెబ్బతింటుంది అని దాని వాదన. రుసుము కట్టించుకున్నారు, కాపీ మాత్రం హక్కు కాదన్నారు. తల్లికి ఒక సినిమా చూపించాలనుకున్న కొడుకు మూడు కోర్టులు తిరగవలసి వచ్చింది. సినిమా పెట్టుబడి వాదనను నేను తోసిపుచ్చను. కాని ఆ ఒక్క క్యాసెట్టుతో ఏ నిర్మాత మునిగిపోతాడో నాకు బోధపడలేదు.

మన దేశంలో దారి కొంత సులువు. 2019 నాటి కొత్త వినియోగదారుల చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. దుకాణం ఎక్కడున్నా మనం ఉండే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని తెంచుకునే వీలున్న షరతును అన్యాయ ఒప్పందం అని ఆ చట్టం పేర్కొంది. అది మాత్రం రాష్ట్ర కమిషనుకు వెళ్ళాలి. నా 490 రూపాయలకు విజయవాడ దాకా వెళతానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. డబ్బు తిరిగి ఇచ్చేశారు గనుక వకీలు మిత్రులూ వద్దన్నారు. ఆ కాగితాలు మాత్రం కట్ట కట్టి ఉంచాను.

మీలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పుడు పిల్లలు ఇలాగే సినిమాలు, పుస్తకాలు కొని పెడుతున్నారు. గడి నొక్కేముందు ఆ అబ్బాయినో అమ్మాయినో, ఇది మనకు ఎన్నాళ్ళు ఉంటుంది, వాళ్ళు తీసేస్తే డబ్బిస్తారా అని అడగండి. రసీదు తెర మీద కనిపించినప్పుడే ఫోటో తీయించి దాచండి. నాకు పనికొచ్చింది ఆ ఫోటో ఒక్కటే. ఖాతాతో పాటు రసీదూ మాయమైంది మరి. పాత డిస్కులు పాత సామాన్లవాడికి వేయకండి.

మా ఇంట్లో పెన్‌డ్రైవు సినిమా ఇప్పుడు టీవీలో వస్తోంది. మొదటి డిస్కు నిక్షేపంలా ఉంది. రెండోది గీతలు పడి, పెళ్ళి పందిరి దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ టీవీ కట్టేసి, మిగిలిన కథ మా ఆవిడే మనవరాలికి చెబుతుంది.

కంపెనీకి నేను రాసిన రెండో ఉత్తరం నకలు, 1915కు చెప్పవలసిన వివరాల పట్టీ కార్యదర్శిగారి బల్ల మీద ఉంచాను. కావలసినవారు జిరాక్సు ఖర్చు రెండు రూపాయలు అక్కడి డబ్బాలో వేసి తీసుకోవచ్చు.